రెండు రూపాయల అప్పు ఉండగా 68 పైసల అప్పు మీద తొందరెందుకు?

మిర్యాలగూడ నుంచి ఒక ఉపాధ్యాయురాలు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. ముఖ్యమైనంత వరకు ఇక్కడ ఇస్తున్నాను.

"నేను 2012 డీఎస్సీలో ఎంపికైన ఎస్‌జీటీని. జీతం ఏడాదికి 10 లక్షల లోపే. మావారికి మోటారు వైండింగ్ దుకాణం ఉంది. ఇల్లు కట్టుకోవడానికి 2021 అక్టోబరులో బ్యాంకు నుంచి 30 లక్షలు తీసుకున్నాం. 20 ఏళ్ల గడువు, మారే వడ్డీ. మొదట 6.90 శాతం, ఈఎంఐ 23,080 రూపాయలు. తరువాత వడ్డీ 9.40కి ఎక్కింది. 2023 సెప్టెంబరు నుంచి ఈఎంఐ 27 వేలు చేశారు. ఇప్పుడు వడ్డీ 8.15. ఇప్పటికి 53 వాయిదాలు కట్టినా ఇంకా 27 లక్షల 60 వేలు ఉందంటున్నారు. లెక్క ఎక్కడో తప్పిందని నా అనుమానం. మొన్న 40 నెలల చీటీ ముగిసి 2 లక్షలు చేతికి వచ్చాయి. చీటీకి కట్టే 5 వేలు ఇకపై నెలనెలా మిగులుతాయి. మామగారికి సాగర్ ఎడమ కాలువ కింద మూడెకరాలుంది. వడ్లు అమ్మినప్పుడల్లా మాకు 30 వేల దాకా ఇస్తారు. ఇదంతా బ్యాంకుకు కట్టి త్వరగా బయటపడాలని నా ఆశ. నెలనెలా కట్టడం మంచిదా, పంట డబ్బు వచ్చినప్పుడు కట్టడం మంచిదా? మామగారేమో అప్పు పెట్టుకుంటే నిద్ర పట్టదు, ఎకరం అమ్మి ఒక్కసారే తీర్చేద్దాం అంటున్నారు. హైదరాబాద్‌లో ఉండే మా తమ్ముడు ఇంటి అప్పు ముందుగా తీర్చడం తెలివితక్కువ, ఆ డబ్బును నెలనెలా షేర్ల ఫండ్లలో పెట్టే సిప్‌లో వేయమంటున్నాడు. పన్ను మినహాయింపు పోతుందని తోటి టీచర్లు భయపెడుతున్నారు. మా పాప ఇంటర్ మొదటి సంవత్సరం. అన్నట్టు, స్లాబు వేసేటప్పుడు వరసకు బావగారయ్యే ఆయన దగ్గర 2 లక్షలు చేబదులు తీసుకున్నాం, నూటికి రెండు రూపాయలు. వడ్డీ నెలనెలా ఇచ్చేస్తున్నాం కాబట్టి దానితో ఇబ్బంది లేదు."

అమ్మా, నాలుగు పేజీల్లోనూ అసలైన విషయం మీరు "అన్నట్టు" అని చివర రాసిన ఆ రెండు వాక్యాల్లోనే ఉంది. 34 ఏళ్లు బ్యాంకులో పనిచేశాను. దేవరకొండలో, హాలియాలో, మహబూబ్‌నగర్‌లో కౌంటరుకు ఇవతల కూర్చుని చూసింది ఇదే. బ్యాంకు అప్పు మనిషిని భయపెడుతుంది. దానికి కాగితాలుంటాయి, తేదీ ఉంటుంది, ఫోనులో మెసేజ్ వస్తుంది. చుట్టాల అప్పు మాత్రం ఇంట్లో మనిషిలా కలిసిపోతుంది. ఎవరి వడ్డీ ఎంత అని రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసేవారు తక్కువ.

మీరు పెట్టి చూడండి. మన దగ్గర చేబదులు వడ్డీని నెలకు నూటికి ఇన్ని రూపాయలని చెబుతాం, బ్యాంకు ఏడాదికి ఇంత శాతం అని చెబుతుంది. కొలత వేరు కాబట్టి 8.15 పెద్ద అంకెగానూ, రెండు చిన్న అంకెగానూ కనబడుతుంది. బ్యాంకు వడ్డీని మన కొలతలోకి మార్చండి. 8.15ను 12తో భాగిస్తే నెలకు నూటికి 68 పైసలు. బావగారి వడ్డీని బ్యాంకు కొలతలోకి మార్చితే ఏడాదికి 24 శాతం. 68 పైసల అప్పును తొందరగా తీర్చాలని ఆరాటపడుతూ, రెండు రూపాయల అప్పుతో ఇబ్బంది లేదంటున్నారు!

ఆ 2 లక్షలకు మీరు నెలకు 4 వేలు ఇస్తున్నారు. 2022 మొదట్లో తీసుకున్నారనుకుంటే ఇప్పటికి 50 నెలలు. అంటే వడ్డీ కిందే 2 లక్షలు ఇచ్చేశారు, అసలు 2 లక్షలు చెక్కుచెదరకుండా ఉన్నాయి. అదే 2 లక్షలకు మీ బ్యాంకు ప్రస్తుతం తీసుకునే వడ్డీ నెలకు 1,358 రూపాయలు. బావగారు మంచివారే అయి ఉంటారు, అవసరానికి ఆదుకున్నారు, కాదనను. కానీ చీటీ డబ్బు 2 లక్షలు వెళ్లవలసింది ఆయన దగ్గరికి. బ్యాంకుకు కాదు.

ఇక బ్యాంకు లెక్క తప్పిందన్న మీ అనుమానం సంగతి. తప్పలేదు. మీ అంకెలతో నేనూ వేసి చూశాను, కొద్ది వందలు అటూఇటూగా బ్యాంకు చెప్పినదే వస్తోంది. మీరు కట్టిన 53 వాయిదాల మొత్తం సుమారు 13 లక్షల 45 వేలు. అందులో అసలుకు వెళ్లినది 2 లక్షల 40 వేలు మాత్రమే, మిగిలిన 11 లక్షల చిల్లర వడ్డీ. వినడానికి అన్యాయంగా ఉంటుంది కానీ, అలా ఎందుకు జరిగిందో తెలిస్తేనే ముందస్తు చెల్లింపు ఎక్కడ దెబ్బ కొడుతుందో అర్థమవుతుంది.

2019 అక్టోబరు నుంచి బ్యాంకులిచ్చే మారే వడ్డీ గృహరుణాలను బయటి కొలమానానికి ముడిపెట్టాలని రిజర్వు బ్యాంకు నిబంధన తెచ్చింది. చాలా బ్యాంకులు రెపో రేటును, అంటే రిజర్వు బ్యాంకు బ్యాంకులకు అప్పిచ్చే వడ్డీని, ఎంచుకున్నాయి. మీరు అప్పు తీసుకున్నప్పుడు రెపో 4 శాతం, దాని మీద బ్యాంకు వేసుకున్నది 2.90, కలిపి 6.90. 2022 మే నుంచి 2023 ఫిబ్రవరి లోపు రెపో 6.50కి చేరింది. మీది 9.40 అయింది. అప్పటికి మీ బాకీ 29 లక్షల 29 వేల దగ్గర ఉండి ఉంటుంది. దాని మీద ఒక్క నెల వడ్డీ 22,944 రూపాయలు. మీరు కడుతున్నది 23,080. అంటే ఆ రోజుల్లో నెలంతా పాఠాలు చెప్పి మీరు కట్టిన వాయిదాలో ఇంటి అప్పును నిజంగా తగ్గించినది 136 రూపాయలు. మిగతాది కేవలం అప్పును ఉన్నచోట నిలబెట్టడానికే సరిపోయింది. ఈఎంఐ పెంచుతామని 2023లో బ్యాంకువారు ఫోన్ చేసినప్పుడు మీకు కోపం వచ్చి ఉంటుంది. పెంచకపోతే ఆ అప్పు మీ పాప పిల్లల దాకా నడిచేది.

తరువాత 2025లో రెపో వరుసగా తగ్గి డిసెంబరుకు 5.25కి వచ్చింది, మీ వడ్డీ 8.15 అయింది. ఈఎంఐ మాత్రం 27 వేలే ఉంచారు. తగ్గించమని మీరు అడగకపోవడం తెలియకుండా చేసిన మంచి పని. ఈ నెల మీ 27 వేలలో వడ్డీ 18,745 పోగా 8,255 అసలుకు వెళుతుంది. 136 ఎక్కడ, 8,255 ఎక్కడ! ఇప్పుడు ఇలాగే కదలకుండా కట్టుకుంటూ పోతే ఇంకా 175 వాయిదాలు, అంటే 14 ఏళ్ల 7 నెలలు. ఇకపై కట్టే వడ్డీ సుమారు 19 లక్షల 67 వేలు. మీరు కోయవలసిన చెట్టు ఇదీ.

బావగారి అప్పు తీరగానే నెలకు 4 వేలు ఖాళీ అవుతాయి. ఆ 4 వేలను మీరు ఇప్పటికే లేని డబ్బుగా భావించి బతుకుతున్నారు కాబట్టి కొత్తగా పొదుపు చేసే కష్టం లేదు. వడ్డీ బావగారికి వెళ్లే తేదీనే అది బ్యాంకు అప్పు ఖాతాకు వెళ్లనివ్వండి. 27 వేల ఈఎంఐ, పైన 4 వేలు. 175 వాయిదాలు 137కి దిగుతాయి. మూడేళ్ల పైన రెండు నెలలు ముందే అప్పు ముగుస్తుంది, 4 లక్షల 76 వేల వడ్డీ మిగులుతుంది. చీటీ డబ్బు 2 లక్షలను నేరుగా బ్యాంకుకే కట్టి ఉంటే 22 వాయిదాలు తగ్గేవి, 4 లక్షల చిల్లర వడ్డీ మిగిలేది. పైగా బావగారి 2 లక్షలు అలాగే ఉండి నెలకు 4 వేలు తింటూనే ఉండేవి. ఇంకేమైనా ఆలోచించాలా?

ఇక్కడ ఒక చిక్కు ఉంది, జాగ్రత్తగా వినండి. అదనంగా డబ్బు కట్టినప్పుడు బ్యాంకు రెండు పనుల్లో ఏదైనా చేయవచ్చు. ఈఎంఐని అలాగే ఉంచి గడువు తగ్గించవచ్చు, లేదా గడువును అలాగే ఉంచి ఈఎంఐ తగ్గించవచ్చు. మీరు నోరు విప్పకపోతే కొన్నిచోట్ల రెండోది జరిగిపోతుంది. 2 లక్షలు ఒకేసారి కట్టిన ఉదాహరణే తీసుకుందాం. గడువు తగ్గిస్తే మిగిలే వడ్డీ 4 లక్షల పైన. ఈఎంఐ తగ్గిస్తే నెలకు 1,957 రూపాయలు తగ్గి, గడువు పూర్తయ్యేసరికి మిగిలేది లక్షా 43 వేల లోపే. ఆ 1,957 ప్రతి నెలా ఎక్కడికి పోతుందో మీకు తెలియదు. కూరగాయల్లో, పెళ్లి చదివింపుల్లో కలిసిపోతుంది. అందుకే ప్రతిసారీ "ఈ మొత్తాన్ని అసలుకు జమ చేయండి, ఈఎంఐ మార్చవద్దు, గడువు తగ్గించండి" అని కాగితం మీద రాసి ఇచ్చి, ఒక నకలు మీద శాఖ ముద్ర వేయించుకోండి. ఆన్‌లైన్‌లో కడితే తరువాత కొత్త వాయిదాల పట్టిక తెప్పించుకుని చూసుకోండి. కొన్ని ఖాతాల్లో అదనపు డబ్బు వచ్చే నెల వాయిదా కింద పక్కన కూర్చుంటుంది, అసలును ముట్టుకోదు. మరికొన్ని సంస్థలు ఇంతకన్నా తక్కువైతే తీసుకోమని కనీస మొత్తం పెడతాయి. అలాగైతే 4 వేలను మూడు నాలుగు నెలలు పోగుచేసి కట్టండి.

ముందుగా కట్టినందుకు జరిమానా వేస్తారేమోనని చాలామందికి భయం. మీది మారే వడ్డీ గృహరుణం. అలాంటి అప్పును వ్యక్తులు ముందుగా తీర్చితే బ్యాంకులు రుసుము వేయకూడదని రిజర్వు బ్యాంకు 2012లోనే ఆదేశించింది. స్థిర వడ్డీ అప్పులకు సంగతి వేరు, వారు ఒప్పందం చదువుకోవాలి. వడ్డీ మారి వాయిదాలను సవరించేటప్పుడు ఈఎంఐ పెంచాలా, గడువు పెంచాలా, కొంత ఇదీ కొంత అదీ చేయాలా అని ఖాతాదారును అడగాలని 2023 ఆగస్టులో మరో ఆదేశం ఇచ్చింది. రేపు వడ్డీ మళ్లీ పెరిగితే గడువు మాత్రం పెంచవద్దని చెప్పే హక్కు మీకుంది.

నెలనెలా మంచిదా, పంట డబ్బు మంచిదా అన్నారు. నెలకు 5 వేల చొప్పున కట్టినా, ఆరు నెలలకోసారి 30 వేలు కట్టినా చివరికి వచ్చే తేడా ఒక్క వాయిదా కూడా ఉండదు. కాబట్టి అందులో తలబద్దలు కొట్టుకోవద్దు. తేడా ఉన్నది ఇంకోచోట. జీతం ఒకటో తేదీకి వస్తుంది. వడ్ల డబ్బు సాగర్ నిండితే వస్తుంది, కాలువకు నీళ్లు వదిలితే వస్తుంది, కోతల్లో వాన పడకపోతే వస్తుంది, మిల్లు ముందు ట్రాక్టర్ల వరుస కదిలితే వస్తుంది. సన్నాలకు ప్రభుత్వం ప్రకటించిన క్వింటాలుకు 500 రూపాయల బోనస్ పడితే ఇంకాస్త వస్తుంది. ఆ ఊరివారికి ఇది నేను చెప్పాలా! నెలనెలా కట్టేది జీతం నుంచే పెట్టుకోండి. పంట డబ్బును వస్తే కట్టే పైమొత్తంగా చూడండి, దాన్ని నమ్ముకుని లెక్క కట్టుకోవద్దు.

ఇంకో మాట. చీటీ డబ్బు బావగారికి వెళ్లిపోతే మీ చేతిలో ఏమీ ఉండదు. మీవారి దుకాణం ఆదాయం వేసవిలో ఒకలా, వానల్లో ఒకలా ఉంటుంది. అందుకని చీటీ నుంచి మిగిలిన ఆ 5 వేలను వెంటనే బ్యాంకు అప్పులోకి తోయవద్దు. రికరింగ్ డిపాజిట్ వేయండి. వచ్చే యాసంగి డబ్బు, ఆ తరువాతి వానాకాలం డబ్బు కూడా అందులోకే చేర్చండి. కనీసం నాలుగు నెలల ఇంటి ఖర్చు, నాలుగు వాయిదాలు కలిపి ఎంతవుతుందో అంత పోగయ్యే దాకా ఆగండి. అప్పు ఖాతాలో వేసిన డబ్బు మళ్లీ చేతికి రాదు. అర్ధరాత్రి ఆసుపత్రికి నల్లగొండ పరుగెత్తవలసి వస్తే, అక్కడ మీ వాయిదాల పట్టిక చూపించి బిల్లు కట్టలేరు. అప్పుడు మళ్లీ ఏ బావగారి ఇంటి గడపో తొక్కాలి, మళ్లీ రెండు రూపాయలు.

పాప సంగతి కూడా ఇందులోదే. రెండేళ్లలో ఆమె డిగ్రీయో ఇంజనీరింగో చేరుతుంది. ఉన్నదంతా ఇంటి అప్పుకు కట్టేసి, ఫీజులకు విద్యారుణం తీసుకున్నారనుకోండి. విద్యారుణం వడ్డీ సాధారణంగా గృహరుణం కన్నా ఎక్కువే. చవక అప్పు తీర్చి ఖరీదైన అప్పు చేసినట్లవుతుంది. మొదటి రెండేళ్ల ఫీజు పక్కన పెట్టగలిగాక, ఆ 5 వేలను కూడా బ్యాంకుకు మళ్లించండి. ఎప్పుడన్నది మీ ఇష్టం. నెలకు మొత్తం 9 వేలు అదనంగా కడితే ఏమవుతుందో ఆశ కోసం చెబుతాను. ఇవాళే మొదలుపెడితే 175 వాయిదాలు 109కి వస్తాయి, 8 లక్షల పైన వడ్డీ మిగులుతుంది. మీరు ఆలస్యంగా మొదలుపెడతారు కాబట్టి కొంత తగ్గుతుంది. తగ్గనివ్వండి.

మీ తమ్ముడి మాట పూర్తిగా తప్పు కాదు. పదిహేనేళ్లు చేయి కదపకుండా ఉండగలిగినవారికి షేర్ల ఫండ్లలో 8.15 కన్నా ఎక్కువ రావచ్చు. "రావచ్చు" అన్న మాట దగ్గరే మా ఇద్దరికీ పేచీ. బ్యాంకుకు కట్టిన ప్రతి వందకూ ఏడాదికి 8 రూపాయల 15 పైసలు మిగలడం మాత్రం ఖాయం, దాని మీద పన్నూ లేదు. ఫిక్స్‌డ్ డిపాజిట్ వడ్డీ అంతకన్నా తక్కువ కాబట్టి దానితో పోలికే లేదు. ఇంకో సంగతి మీ తమ్ముడికి తెలియకపోవచ్చు. 2004 సెప్టెంబరు 1 తరువాత చేరిన ఉపాధ్యాయురాలిగా మీరు సీపీఎస్‌లో, అంటే జీతంలో కోత పెట్టి జమచేసే పింఛను పథకంలో ఉన్నారు. మూలవేతనం, డీఏ మీద నెలకు పది శాతం మీ జీతం నుంచి ఇప్పటికే కోత పడుతోంది, అందులో కొంత భాగం షేర్లలోకే వెళుతోంది. బజారులో మీరు లేరని ఎవరన్నారు? మార్కెట్ పడిన ఏడాది సిప్ ఆపేసేవారిని చాలామందిని చూశాను. అప్పు వాయిదా ఆపినవారిని మాత్రం తక్కువగా చూశాను. మనసు ఏ పనిలో నిలుస్తుందో ఆ పనే లాభసాటి.

టీచర్ల గది సలహా మాత్రం వదిలేయండి. గృహరుణం వడ్డీ మీద 2 లక్షల దాకా మినహాయింపు పాత పన్ను విధానంలో ఉంది. సొంతంగా ఉండే ఇంటికి కొత్త విధానంలో అది లేదు. 2025-26 ఆర్థిక సంవత్సరం నుంచి కొత్త విధానంలో జీతగాళ్లకు 12 లక్షల 75 వేల దాకా పన్నే లేదు. మీ జీతం 10 లక్షల లోపు. పన్నే లేనివారికి మినహాయింపు పోతుందన్న భయం దేనికి? పాత విధానంలో ఉన్నవారైనా సరే, 20 రూపాయల పన్ను తప్పించుకోవడానికి 100 రూపాయల వడ్డీ కట్టడం ఏ లెక్కల మాస్టారు చెప్పే పద్ధతో నాకు అర్థం కాదు.

ఇక మామగారు. ఆయన మాటలో ప్రేమ ఉంది. కోడలి పేర అప్పు ఉందని ఎకరం అమ్ముతానన్న మామగారు ఎందరికి ఉంటారు! కానీ వద్దని చెప్పండి, నేను చెప్పానని చెప్పండి. కాలువ కింద భూమి అమ్మడం ఒక పూట పని, మళ్లీ కొనడం ఈ జన్మలో పని కాదు. మూడెకరాల్లో ఎకరం పోతే మీకు వచ్చే 30 వేలూ ఆ మేరకు పోతాయి. అది ఆయన పేర ఉన్న భూమి, మీవారికి అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు ఉంటే రేపు మాట వస్తుంది, ఆ మాట మీ మీదికి వస్తుంది. నూటికి 68 పైసల అప్పు కోసం ఇంత తలనొప్పి అక్కరలేదు. ఆయనకు నిద్ర పట్టకపోవడానికి కారణం బహుశా ఆయన కాలంలో అప్పంటే మూడు రూపాయల వడ్డీ, తనఖా పెట్టిన పొలం, దళారి దగ్గర కట్టుబడిన పంట. పక్కన కూర్చుని 68 పైసల లెక్క ఆయనకు వేసి చూపించండి. ముఖం తేలికపడుతుంది.

అన్నిటికన్నా ముందు, పైసా ఖర్చు లేకుండా చేయగలిగినది ఒకటుంది. మీ బ్యాంకు ఇప్పుడు కొత్తవారికి ఏ వడ్డీకి ఇస్తోందో కనుక్కోండి. రెపో అందరికీ ఒకటే, దాని మీద బ్యాంకు వేసుకునే 2.90 దగ్గరే బేరం ఉంటుంది. నాలుగేళ్లకు పైగా ఒక్క వాయిదా తప్పని ప్రభుత్వ ఉద్యోగిని వదులుకోవడానికి ఏ మేనేజరూ ఇష్టపడడు. ఆ భాగాన్ని తగ్గించమని దరఖాస్తు పెట్టండి, కొద్దిపాటి రుసుము ఉంటే ఉంటుంది. వడ్డీ అర శాతం తగ్గి 7.65 అయి, ఈఎంఐ 27 వేలే ఉంటే, ఒక్క రూపాయి అదనంగా కట్టకుండానే 9 వాయిదాలు తగ్గుతాయి. కుదరదంటే మరో బ్యాంకుకు అప్పు మార్చుకునే దారి ఉంది. అక్కడ రిజిస్ట్రేషన్, పరిశీలన ఖర్చులు తోడవుతాయి కాబట్టి అవన్నీ కలిపి కూడిన తరువాతే కదలండి.

మీకు ఏదైనా జరిగితే 27 లక్షల అప్పు మీవారి దుకాణం మోయలేదు. టర్మ్ బీమా ఉందో లేదో ఉత్తరంలో రాయలేదు. లేకపోతే ముందస్తు చెల్లింపు కన్నా ముందు అది తీసుకోండి.

అప్పు తీరిన నాటి సంగతి ఇప్పుడే చెప్పి పెడతాను, ఎందుకంటే నేను దెబ్బతిన్నాను. బ్యాంకు ఉద్యోగినై ఉండి కూడా నా ఇంటి అప్పు తీర్చాక నా దస్తావేజు చేతికి రావడానికి అయిదు నెలలు పట్టింది. అది వేరే ఊళ్లో వేరే బీరువాలో దొరికింది. ఇప్పుడు కాలం మారింది. 2023 డిసెంబరు నుంచి, పూర్తిగా తీర్చిన 30 రోజుల్లో అసలు పత్రాలు తిరిగి ఇవ్వాలి, బ్యాంకు తప్పు వల్ల ఆలస్యమైతే రోజుకు 5 వేల రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలి. పత్రాలు తెచ్చుకున్నాక ఈసీ (ఆస్తి మీద ఉన్న తనఖాలు చూపే ధ్రువపత్రం) తీయించి, తనఖా తొలగిందో లేదో చూసుకోవాలి. మీరు ఆరోజు దాకా ఈ పేపరు ముక్క దాచుకుంటారో లేదో.

పత్రాలంటే గుర్తొచ్చింది. బావగారికి ప్రామిసరీ నోటు రాసి ఇచ్చే ఉంటారు. నోటుకు మూడేళ్లే గడువు కాబట్టి మధ్యలో ఒకసారి తిరగరాసి కూడా ఉంటారు. డబ్బు నగదుగా కాకుండా బ్యాంకు ద్వారా ఆయన ఖాతాకు పంపండి. అదే రోజు వెళ్లి, తిరగరాసి ఇచ్చిన కొత్త నోటు వెనక్కి తీసుకోండి. ఆ తరువాత మొహమాటం లేకుండా పాత నోటు కూడా అడగండి. తిరగరాసినప్పుడు పాతది చించారో, బీరువాలోనే ఉందో చాలామందికి గుర్తుండదు. వరసకు బావగారే అయినా సరే.